ఆసుపత్రి రేడియాలజీలో ఇన్‌ఛార్జి టెక్నాలజిస్ట్ కావాలంటే: విశాఖ కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్ డౌన్‌లో టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే ముగ్గురు ఎక్స్‌రే కుర్రాళ్లు తగులుతారు. ముగ్గురిలో ఒకడైనా "సార్, నాకు ఇన్‌ఛార్జి పోస్టు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతాడు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను, అందులో సగానికి సగం ఇన్‌ఛార్జిగానే గడిచింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి, నన్ను ఎక్కువగా అడిగేవన్నీ ఒకచోట రాసేస్తున్నాను.

అసలు ఈ పోస్టు పేరేంటి? ఒక్కో చోట ఒక్కో పేరు రాస్తున్నారు.

చీఫ్ టెక్నాలజిస్ట్, సీనియర్ రేడియోగ్రాఫర్, రేడియాలజీ ఇన్‌ఛార్జి, ఇమేజింగ్ సూపర్‌వైజర్, ఇలా నోటికొచ్చిన పేరు పెడతారు. పెద్ద ఆసుపత్రుల్లో సీటీకి ఒకరు, ఎంఆర్‌ఐకి ఒకరు విడివిడిగా ఇన్‌ఛార్జులుంటారు, వాళ్లందరి మీద ఒక చీఫ్. చిన్న ఆసుపత్రిలో ఆ చీఫే రాత్రి పోర్టబుల్ ఎక్స్‌రే తోసుకుంటూ ఐసీయూకి వెళ్తాడు. పేరు చూసి మోసపోకండి. మీ కింద ఎంతమంది, డ్యూటీ రోస్టర్ ఎవరు వేస్తారు, మెషిన్ ఆగితే ఎవరి ఫోన్ మోగుతుంది, ఈ మూడూ అడగండి. మూడో దానికి మీ పేరు చెప్పి మొదటి రెండింటికీ ఇంకెవరి పేరో చెప్పారంటే అది సూపర్‌వైజర్ పోస్టు కాదు, తిట్లు తినే పోస్టు.

ఏం చదివి ఉండాలి?

మన రాష్ట్రంలో పాత దారి సీఆర్‌ఏ, అంటే సర్టిఫైడ్ రేడియోలాజికల్ అసిస్టెంట్ కోర్సు. ఆ తర్వాత డీఎంఐటీ, అంటే ఇంటర్ అయ్యాక రెండేళ్ల మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా. బైపీసీ వాళ్లకు ముందు ప్రాధాన్యం. ఈ రెండింటికీ పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి, అది సకాలంలో రెన్యువల్ చేయించుకోవాలి. ఇప్పుడు ఎక్కువమంది ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ చేస్తున్నారు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు.

2021లో కేంద్రం అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. రేడియాలజీ, ఇమేజింగ్ టెక్నాలజిస్టులు అందులో ఒక వర్గం. ఆ చట్టం లెక్కలో అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కోర్సు కనీసం 2000 గంటలు, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే 3600 గంటలు ఉండాలి. ఇప్పుడే కోర్సులో చేరబోయేవాళ్లు ఫీజు అడిగే ముందు ఈ గంటల లెక్క అడగండి. గదిలో ఎక్స్‌రే మెషిన్ కూడా లేకుండా సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఉన్నాయి. అక్కడ చదివినవాడికి ఉద్యోగం దొరికినా, ఇన్‌ఛార్జి ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల పరిశీలన దగ్గరే ఆగిపోతాడు.

నాది డిప్లొమా. నా కింద బీఎస్సీ వాళ్లు ఉన్నారు. నన్ను ఇన్‌ఛార్జిని చేస్తారా?

చేస్తారు, చేశారు కూడా. నాదీ డిప్లొమాయే. ప్రైవేటులో అనుభవానికి విలువ ఉంది. కాకపోతే కార్పొరేట్ ఆసుపత్రుల ప్రకటనల్లో ఇప్పుడు డిగ్రీ అని ముందే రాసేస్తున్నారు, అక్కడ మన దరఖాస్తు మనిషి కంటపడకముందే పక్కకు పోతుంది. మీ వయసు ముప్పైలోపు అయితే డిగ్రీ సంగతి ఆలోచించండి. నలభై దాటితే ఆ డబ్బుతో సీటీ, ఎంఆర్‌ఐ రెండింటిలోనూ గట్టి చేయి తెచ్చుకోవడం మేలు. ఎంఎస్సీ అవసరమా అని కూడా అడుగుతారు. కాలేజీలో పాఠాలు చెప్పే ఆలోచన ఉంటే అవసరం, లేకపోతే లేదు.

ఎన్నేళ్ల అనుభవం కావాలి?

ప్రకటనల్లో మామూలుగా అయిదేళ్లనీ ఎనిమిదేళ్లనీ రాస్తారు. ఏళ్ల లెక్క ఎవరైనా చెప్పగలరు. పదేళ్లు ఒకే గదిలో ఒకే ఛాతీ ఎక్స్‌రే తీసినవాడికి నిజానికి ఉన్నది ఏడాది అనుభవమే, దాన్నే పదిసార్లు చేశాడు. నేను ఎవరినైనా సీనియర్‌గా తీసుకోవాలంటే ఒకటే అడుగుతాను: మీ దగ్గర రిపీట్ రిజిస్టర్, అంటే మళ్లీ తీయాల్సి వచ్చిన ఎక్స్‌రేల లెక్క ఉందా?

ఫిల్ము రోజుల్లో పాడైన ఫిల్ము డబ్బాలో పడేది, నెలాఖరుకు ఆ డబ్బా చూస్తే ఎవరి చేయి ఎలా ఉందో తెలిసిపోయేది. డీఆర్, అంటే డిజిటల్ ఎక్స్‌రే వచ్చాక ఆ సాక్ష్యం పోయింది. ఒక బటన్ నొక్కితే చెడిన బొమ్మ మాయం, రోగికి మాత్రం రెండో డోసు పడిపోయింది. అందుకని నేను ప్రతి రిపీట్‌నీ కారణంతో సహా రాయిస్తాను: పొజిషన్ తప్పా, ఎక్స్‌పోజర్ తప్పా, రోగి కదిలాడా, బొమ్మ మీద ఏదైనా అడ్డొచ్చిందా. పేరు రాయించను, షిఫ్టు మాత్రం రాయిస్తాను. పేరు రాయమంటే ఎవరూ నిజం రాయరు.

అలా రాయించిన మొదటి నెలలో ఒక సంగతి బయటపడింది. ఉదయం షిఫ్టులో ఆడవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలే ఎక్కువగా రిపీట్ అవుతున్నాయి. మెషిన్ మీద అనుమానంతో ఇంజినీరుకి ఫోన్ చేయబోయాను. ఎందుకైనా మంచిదని తీసేసిన బొమ్మల్ని సర్వర్‌లోంచి వెనక్కి తెప్పించి చూస్తే, ఊపిరితిత్తి పైకొన మీద తెల్లగా తాడులా ఓ నీడ. జడ! నూనె రాసి బిగించి అల్లిన జడ భుజం మీంచి ముందుకు పడి, అచ్చం జబ్బు మచ్చలా కనిపిస్తోంది. గౌను మార్పించే ఆయమ్మకు ఒక మాట చెప్పాను: "జడ పైకి ముడేసుకోమనమ్మా, క్లిప్పు తీయించు." ఆ నెల నుంచి ఆ గడి దాదాపు ఖాళీ. దానికి ఇంజినీరూ అక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. ఇన్‌ఛార్జికి కావలసిన అనుభవం అంటే నా లెక్కలో ఇది.

ఆర్‌ఎస్‌ఓ అంటే ఏమిటి? ఇన్‌ఛార్జి అయితే అదీ మన నెత్తినే పడుతుందా?

రేడియలాజికల్ సేఫ్టీ ఆఫీసర్. ఎక్స్‌రే, సీటీ, క్యాథ్‌ల్యాబ్ లాంటి రేడియేషన్ పరికరాలు నడపాలంటే ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. 1983 నవంబరు 15న ఏర్పడిన సంస్థ అది. 1962 అణుశక్తి చట్టం కింద దాన్ని ఏర్పాటు చేశారు, 2004లో ఆ చట్టం కిందే రేడియేషన్ రక్షణ నియమాలు వచ్చాయి. దరఖాస్తులన్నీ ఈలోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనే. ఆసుపత్రి తన ఉద్యోగుల్లో అర్హత ఉన్న ఒకరిని ఆర్‌ఎస్‌ఓగా ప్రతిపాదిస్తుంది, మండలి ఆమోదించాకే ఆ హోదా వస్తుంది. యాజమాన్యం లెటర్‌హెడ్ మీద రాసిచ్చినంత మాత్రాన ఆర్‌ఎస్‌ఓ అయిపోరు.

చాలా చోట్ల ఇది ఇన్‌ఛార్జి టెక్నాలజిస్ట్‌కే వస్తుంది. వస్తే వద్దనకండి, కానీ కళ్లు తెరుచుకుని సంతకం పెట్టండి. ఆ ఆమోదం ఆ ఆసుపత్రి వరకే. మీరు మానేసి వేరే చోట చేరితే, పాత చోట మీ పేరు తీసి ఇంకొకరిని పెట్టారో లేదో కనుక్కోండి. మీరు మధురవాడలో ఉంటే మీ పేరు గాజువాకలో వేలాడుతుండటం మంచిది కాదు. పరికరాల క్వాలిటీ పరీక్ష రెండేళ్లకోసారి, పెద్ద రిపేరు జరిగాక మళ్లీ చేయించాలి. ట్యూబు మార్చాక "బొమ్మ బాగానే వస్తోంది కదా" అని వదిలేయడం మనవాళ్లకు అలవాటు. బొమ్మ బాగుండటం వేరు, డోసు సరిగ్గా ఉండటం వేరు.

టీఎల్‌డీ బ్యాడ్జి చూసుకోవడం కూడా ఇన్‌ఛార్జి పనేనా?

అవును, మన ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే ఆ బ్యాడ్జి సంగతి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఇన్‌ఛార్జి అయిన కొత్తలో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మూడు నెలల బ్యాడ్జిలు పంపాక రిపోర్టు వచ్చింది. ఒక కుర్రాడి పేరు ఎదురుగా ఉండాల్సిన దానికంటే బాగా పెద్ద అంకె. వెనకే సంజాయిషీ అడుగుతూ ఉత్తరం. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. రెండో రోజు వాళ్లమ్మగారు విజయనగరం నుంచి ఫోన్ చేసి "బాబూ, మావోడికి ఏటైనా అవుతాదా?" అని అడిగారు. ఏం చెప్పను? నా దగ్గర లెక్కే లేదు.

వారం రోజులు కూర్చుని రోస్టర్లు, రోగుల రిజిస్టరు తిరగేస్తే విషయం తేలింది. వాడు శనివారం డ్యూటీ దిగుతూ లెడ్ ఆప్రాన్‌ను బ్యాడ్జితో సహా ఎక్స్‌రే గదిలోనే, చెస్ట్ స్టాండ్ పక్కనున్న కొక్కేనికి తగిలించి వెళ్లాడు. సెలవు నుంచి తిరిగొచ్చేదాకా అక్కడ తీసిన ప్రతి ఎక్స్‌రేనూ ఆ బ్యాడ్జి తింది. మనిషి మాత్రం ఇంట్లో ఉన్నాడు. ఆ సంగతి నిరూపించడానికి పట్టిన కష్టం మళ్లీ పడదలచుకోలేదు. మర్నాడే గది బయట పేర్లు రాసిన గూళ్లతో ఒక చెక్క పెట్టె కొట్టించాను. డ్యూటీ దిగితే బ్యాడ్జి గూట్లో ఉండాలి, లేకపోతే నేను ఇంటికి ఫోన్ చేస్తాను.

అంకెలు కూడా ఒకసారి చెప్పుకుందాం. రేడియేషన్ పనివాళ్లకు వరుసగా అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (రేడియేషన్ డోసు కొలత ఇది), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సామాన్య జనానికి ఏడాదికి 1. బ్యాడ్జి ఛాతీ దగ్గర, ఆప్రాన్ వేసుకుంటే దాని లోపల పెట్టుకోవాలి. పోల్చి చూడటానికి ఉంచే కంట్రోల్ బ్యాడ్జిని రేడియేషన్ లేని చోట దాచాలి. ఒకరి బ్యాడ్జి ఇంకొకరు పెట్టుకోకూడదు, ఆప్రాన్‌ను దుప్పటిలా మడత పెట్టకూడదు. లోపల సీసం పొర చిట్లుతుంది, పైకి కనబడదు. ఏడాదికోసారి ఫ్లోరోస్కోపీ, అంటే తెర మీద అప్పటికప్పుడు కనబడే ఎక్స్‌రే కింద చూస్తే గీతలు బయటపడతాయి.

మా టెక్నాలజిస్ట్ గర్భిణి అని చెప్పింది. సెలవు పెట్టమనాలా?

అనకూడదు. ఆమె రాతపూర్వకంగా తెలియజేసిన దగ్గర్నుంచి కడుపులోని బిడ్డకు చేరే డోసు 1 మిల్లీసీవర్టు దాటకుండా పని సర్దాలి. అంటే క్యాథ్‌ల్యాబ్, ఫ్లోరోస్కోపీ, పోర్టబుల్ డ్యూటీలు తీసేసి, రిసెప్షన్, పీఏసీఎస్ (బొమ్మలు దాచే కంప్యూటర్ వ్యవస్థ), రిపోర్టుల పని చూపించాలి. ఎంఆర్‌ఐలో రేడియేషన్ లేదని అక్కడికి పంపేవాళ్లూ ఉన్నారు. అలా పంపితే స్కాన్ నడుస్తున్నప్పుడు ఆమె మాగ్నెట్ గదిలో నిలబడే పని లేకుండా చూడండి. ముఖ్యంగా ఆ అమ్మాయి మూడో నెల దాకా భయపడి దాచుకోకుండా, మొదటి వారంలోనే మీ దగ్గరికొచ్చి చెప్పగలిగేలా మీరు మసలుకోవాలి. మగ ఇన్‌ఛార్జులకు ఇది కొంచెం కష్టమే. నేను మా స్టాఫ్ నర్సు అక్క ద్వారా చెప్పించేవాణ్ని.

పెళ్లి సంబంధాల్లో "ఎక్స్‌రే అబ్బాయా? పిల్లలు పుడతారా?" అనే ప్రశ్న ఇంకా పోలేదు. భూమి నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏడాదికి సుమారు 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ అందుతూనే ఉంటుంది. గోడ వెనక నిలబడి పనిచేసే టెక్నాలజిస్ట్ బ్యాడ్జిలో చాలాసార్లు అంత కూడా కనబడదు. మా ఎక్స్‌రే కుర్రాడి తరఫున మాట్లాడటానికి నేను రెండు పెళ్లిచూపులకు వెళ్లాను, ఇది కూడా ఇన్‌ఛార్జి బాధ్యతే అనుకోండి.

ఎంఆర్‌ఐకి కూడా ఏఈఆర్‌బీ అనుమతి కావాలా?

అక్కర్లేదు. ఎంఆర్‌ఐలో, అల్ట్రాసౌండ్‌లో అయనీకరణ రేడియేషన్ లేదు. అలాగని భద్రత తేలికనుకోవద్దు. సీటీ గదిలో జరిగిన తప్పు ఇరవై ఏళ్ల తర్వాత లెక్కకు రావచ్చు. ఎంఆర్‌ఐ గదిలో తప్పు రెండు సెకన్లలో ఆక్సిజన్ సిలిండర్ రూపంలో ఎగిరొస్తుంది. మాగ్నెట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. రాత్రి గది తుడవడానికి వచ్చే మనిషికి ఆ సంగతి తెలుసా? చాలా చోట్ల డాక్టర్లకు శిక్షణ ఇస్తారు, వార్డ్ బాయ్‌కి ఇవ్వరు. లోపలికి సిలిండర్ తోసుకొచ్చేది వార్డ్ బాయే.

మన దగ్గర రోగిని లోపలికి పంపే ముందు చూసుకోవాల్సిన జాబితా వేరే దేశాల పుస్తకాల్లో ఉండదు. చీర కుచ్చిళ్లకు పిన్నీసు. మంగళసూత్రానికి నాలుగైదు పిన్నీసులు. మొలతాడుకు తాళం చెవి. జబ్బకు తాయెత్తు, లోపల రాగిరేకో ఇనుపరేకో ఎవరికీ తెలీదు. కాలి మెట్టెలు. పెద్దాయన పంచె మడతలో సెల్‌ఫోన్. పేస్‌మేకర్ ఉందా అంటే తల అడ్డంగా ఊపుతారు, "గుండెకి మిషనెట్టారా?" అంటే "ఆఁ, ఎట్టారు" అంటారు.

అన్నిటికంటే కష్టం తాళిబొట్టు. ఓసారి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ, భర్త వెన్నెముక ఆపరేషన్ అయి వార్డులో ఉన్నాడు, ఈవిడకు మెడ ఎంఆర్‌ఐ. తాడు తీయమంటే లేచి వెళ్లిపోబోయింది. కుర్రాడు రూల్సు చెబుతున్నాడు, ఆవిడ ఏడుస్తోంది. మా పాత ఆయమ్మ లోపలికెళ్లి సొరుగులోంచి పసుపు రాసిన నూలు దారం, ఒక పసుపు కొమ్ము తెచ్చింది. ముందు అది మెడలో కట్టి, ఆ తర్వాత బంగారం తాడు తీసి ఆవిడ కోడలి చేతిలో పెట్టింది. అయిదు నిమిషాల్లో స్కాన్ మొదలైంది. అప్పట్నుంచి మా స్టోర్ ఇండెంట్‌లో కాంట్రాస్టు (స్కాన్ బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు), సిరంజిలతో పాటు పసుపు కొమ్ములు కూడా రాసేవాణ్ని. అకౌంట్స్ వాళ్లు ఒకసారి ఇదేంటని అడిగారు. చెప్పాను, పాస్ చేశారు.

మాగ్నెట్‌ని అత్యవసరంగా ఆపేసే క్వెంచ్ బటన్ గురించి ఒక్క మాట. మనిషి మాగ్నెట్‌కి, ఇనప సామానుకి మధ్య ఇరుక్కున్నప్పుడో, లోపల అగ్ని ప్రమాదం జరిగినప్పుడో తప్ప దాని జోలికి పోకూడదు. కుర్చీ అతుక్కుందని నొక్కితే మాగ్నెట్‌ని చల్లగా ఉంచే హీలియం పోతుంది, రోజుల తరబడి మెషిన్ పోతుంది.

కాంట్రాస్ట్ ఇచ్చేటప్పుడు మన బాధ్యత ఎంత?

మందు నిర్ణయం డాక్టరుది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూశారా, ఇంతకుముందు ఎలర్జీ వచ్చిందా, ఉబ్బసం ఉందా, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా, ఈ నాలుగూ కాగితం మీద లేకుండా రోగి టేబుల్ ఎక్కకుండా చూడటం ఇన్‌ఛార్జి పని. రోగికి మందు పేరు తెలియదు, మాత్రల చీటీ తెమ్మనండి. ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత లెక్క, 30 కంటే తక్కువున్న మనిషిని రేడియాలజిస్టుకు చెప్పకుండా ముందుకు తీసుకెళ్లకూడదు. సీటీ గదిలో ఎమర్జెన్సీ ట్రే ఉందా అని కాదు, అడ్రినలిన్ ఆంపూల్ మీద తేదీ చూడండి. బీఎల్‌ఎస్ (ప్రాణరక్షణ ప్రాథమిక శిక్షణ) సర్టిఫికెట్ రెండేళ్లకు ముగుస్తుంది, మీదీ మీ వాళ్లదీ ఎప్పుడు ముగుస్తుందో గోడ మీద రాసి పెట్టండి. ఇన్‌ఛార్జి పోస్టుకి ఇప్పుడు దీన్ని చాలా ఆసుపత్రులు అడుగుతున్నాయి.

అల్ట్రాసౌండ్ గది కూడా మన కిందే ఉంటుందా?

స్కాన్ చేసేది డాక్టరు. కాగితాలు, క్యూ, రిజిస్టరు మాత్రం చాలా చోట్ల మన కింద వాళ్లే చూస్తారు. అక్కడే ఇరుక్కుంటారు. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కూ ఫారం ఎఫ్ నింపాలి, రెండేళ్లు భద్రపరచాలి, నెల నివేదిక తర్వాతి నెల 5వ తేదీలోపు అధికారులకు చేరాలి. ఒక గడి ఖాళీగా ఉన్నా అది గుమాస్తా పొరపాటు కింద పోదు, చట్ట ఉల్లంఘన కిందికే వస్తుంది. బంధువులు బయట నిలబడి మన కుర్రాళ్లని "లడ్డూనా, జిలేబీనా?" అని నవ్వుతూ అడుగుతారు. నవ్వుతూ కూడా జవాబు చెప్పొద్దని మొదటి రోజే చెప్పండి.

తెలుగు, ఇంగ్లిష్ వస్తే సరిపోతుందా?

విశాఖలో సరిపోదు. ఒడిశా నుంచి, కొరాపుట్, రాయగడ వైపు నుంచి వైద్యానికి ఇక్కడికే వస్తారు. పాడేరు, అరకు కొండల నుంచి వచ్చేవాళ్లలో తెలుగు సరిగా రానివాళ్లుంటారు. నేవీ, స్టీల్‌ప్లాంట్ కుటుంబాలది హిందీ. ఇన్‌ఛార్జి అన్ని భాషలూ నేర్చుకోనక్కర్లేదు. "గాలి పీల్చండి, ఆపండి, వదలండి", "కదలకండి", "కడుపుతో ఉన్నారా, నెల ఎప్పుడొచ్చింది?" ఈ నాలుగైదు మాటలు ఒడియాలో, హిందీలో తెలుగు లిపిలో రాయించి కన్సోల్ పక్కన అంటించండి. తెలుగులో కూడా మాట తేడా ఉంది. "ఊపిరి బిగబట్టండి" అంటే కొందరు పొట్ట బిగించి నొక్కేస్తారు, ఊపిరితిత్తులు నిండవు. "గాలి గట్టిగా లోపలికి లాగి ఉంచండి" అంటే చక్కగా వస్తుంది.

ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్లు వస్తే ఏం అడుగుతారు?

మీరు ఏం చేస్తారని కాదు, చేసినట్టు ఎక్కడ రాశారని అడుగుతారు. రిపోర్టు ఎంతసేపట్లో ఇస్తామని రాసుకున్నారో అంతసేపట్లో ఇచ్చిన లెక్క, ప్రాణాంతకమైన ఫలితం కనబడితే డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేశారన్న లెక్క, సీటీకి ఉదయం చేసిన ఫాంటమ్ (మనిషికి బదులు పెట్టే నమూనా) పరీక్ష, స్టాఫ్ సర్టిఫికెట్లు, ఆప్రాన్ల పరీక్ష. తనిఖీకి ముందు రాత్రి కూర్చుని మూడు నెలల రిజిస్టరు ఒకే పెన్నుతో నింపేవాళ్లుంటారు. ఒకే సిరా, ఒకే చేతిరాత, చూసే కన్ను దాన్ని పట్టేస్తుంది.

ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నలు వస్తాయి?

సాంకేతిక ప్రశ్నలకు మీరు సిద్ధంగానే వెళ్తారు. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతు అవుతుందని చెబుతారు, పిచ్ పెంచితే ఏమవుతుందో చెబుతారు. జారిపడేది ఇలాంటి చోట: "రాత్రి రెండింటికి హెడ్ ఇంజురీ కేసు, సీటీ ట్యూబు ఓవర్‌హీట్, డ్యూటీ కుర్రాడు ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేస్తారు?" మెషిన్ గురించి మొదలుపెట్టినవాళ్లు తప్పుతారు. రోగి ఎక్కడున్నాడు, దగ్గర్లో ఇంకో సీటీ ఎక్కడుంది, క్యాజువాలిటీ డాక్టరుకు ఎవరు చెప్పారు, అక్కడ మొదలుపెట్టండి.

ఇంకోటి: "మీ కిందివాడు ఎడమ మోకాలికి బదులు కుడి మోకాలు తీశాడు. రోగికి తెలియదు. ఏం చేస్తారు?" రేడియాలజిస్టుకు చెప్పి, రోగికి చెప్పి, ఇన్సిడెంట్ ఫారం రాస్తానని చెప్పేవాణ్నే నేను తీసుకుంటాను. "మళ్లీ తీసి పంపేస్తాను సార్" అన్నవాడి చేయి ఎంత మంచిదైనా వద్దనే అంటాను.

న్యూక్లియర్ మెడిసిన్, రేడియోథెరపీ ఇన్‌ఛార్జిగా వెళ్లొచ్చా?

నేరుగా వెళ్లలేరు, అవి వేరే దారులు. న్యూక్లియర్ మెడిసిన్‌కు బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ల డీఎంఆర్‌ఐటీ డిప్లొమా లాంటి చదువు ఉండాలి, రేడియోథెరపీకి దాని డిప్లొమానో డిగ్రీనో వేరు. అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి నోటిఫికేషన్లు చూస్తే ఏ గదికి ఏ చదువో స్పష్టంగా అర్థమవుతుంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఇన్‌ఛార్జి ఎలా అవుతారు?

అక్కడ దరఖాస్తు పెట్టి ఇన్‌ఛార్జి అవ్వరు. రేడియోగ్రాఫర్‌గా చేరాలి, సర్వీసు, సీనియారిటీ, ఖాళీ, ఈ మూడూ కలవాలి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పోస్టులకు జిల్లా స్థాయి నోటిఫికేషన్లు పడుతుంటాయి, బోర్డు రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో లేక తిరస్కరణకు గురైనవాళ్లను ప్రతిసారీ చూస్తాను. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా కేజీహెచ్ ఉన్న ఊరు ఇది. అక్కడ ట్రైనింగ్‌లో చూసే కేసులు ప్రైవేటులో పదేళ్లున్నా చూడరు. జీతం లేకపోయినా, నేర్చుకోవడానికి ఆ గదులే బడి.

గల్ఫ్‌కి వెళ్లొచ్చి ఇన్‌ఛార్జి అవుదామనుకుంటున్నా.

వెళ్లండి. సౌదీ, దుబాయ్‌లకు డాటాఫ్లో వాళ్ల సర్టిఫికెట్ పరిశీలన, ఆపైన పరీక్ష ఉంటాయి. వెళ్లేముందు ఇక్కడి ఆసుపత్రి నుంచి అనుభవ పత్రం తీసుకోండి, మానేశాక ఇవ్వరు.

జీతం ఎంత అడగాలి?

మీ చేతికి ఎంతొస్తుందో కాదు, ఆన్‌కాల్‌కి ఎంత ఇస్తారో ముందు అడగండి. మొహమాటపడితే రాత్రి పిలుపులన్నీ ఉచితమే.

తుఫాను వస్తే ఇన్‌ఛార్జి ఏం చేయాలి? ఇది ఇంటర్వ్యూలో అడిగారు, తెల్లమొహం వేశాను.

మంచి ప్రశ్న అడిగారు, విశాఖలో అడగాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద పడ్డప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. కరెంటు పోయింది, రోజుల తరబడి రాలేదు. సెల్ సిగ్నళ్లూ పోయాయి. సర్వీస్ ఇంజినీరు నంబరు ఫోన్లోనే ఉంది, ఫోన్ చార్జింగ్ లేదు, ఉన్నా లైను లేదు.

ఎంఆర్‌ఐ స్కాన్ ఆపేయొచ్చు కానీ దాన్ని చల్లబరిచే చిల్లర్ ఆపకూడదు. చిల్లర్ ఆగితే హీలియంను చల్లగా ఉంచే కోల్డ్‌హెడ్ ఆగుతుంది, హీలియం ఆవిరై పోతూనే ఉంటుంది. ఆ రోజు జనరేటర్ లోడు ఎవరికివ్వాలని వాదన వచ్చింది. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్ తర్వాత చిల్లర్ అని ముందే ఎక్కడా రాసి లేదు కాబట్టి నేను మేనేజర్ గది గుమ్మంలో నిలబడి అడుక్కోవాల్సి వచ్చింది. డీజిల్ కోసం మా డ్రైవర్ పెందుర్తి వైపు వెళ్లి సాయంత్రానికి రెండు డబ్బాలతో తిరిగొచ్చాడు. సర్వర్ లేదు, పేర్లు కాగితం మీదే. విరిగిన చేతులు, గాజు గుచ్చుకున్న కాళ్లు వరసగా వస్తుంటే ఒకే పోర్టబుల్ మెషిన్‌తో, దాని బ్యాటరీ ఎంతుందో చూసుకుంటూ తీశాం.

ఇప్పుడు మా దగ్గర అక్టోబరు రాకముందే చేసే పని ఒకటుంది. జనరేటర్ లోడు వరస రాసి మెడికల్ సూపరింటెండెంట్ సంతకం తీసుకుంటాను. పోర్టబుల్ బ్యాటరీ పరీక్షిస్తాను. హీలియం మట్టం రోజూ రాస్తాం. ఇంజినీర్ల నంబర్లు, స్టాఫ్ ఇళ్ల అడ్రసులు, డీజిల్ దొరికే మూడు చోట్లు ఒక అట్ట మీద చేత్తో రాసి, ఒక ఖాళీ రిజిస్టరుతో కలిపి పాలిథిన్ సంచిలో చుట్టి, కన్సోల్ కింది సొరుగులో పెడతాను. పసుపు దారం కూడా ఆ సొరుగులోనే ఉంటుంది.